జంట నాటకకర్తలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్వేలో అమెరికన్ నాటకకర్త జార్జ్ ఎస్. కాఫ్‌మన్ పేరు ఎక్కడ చూసినా పక్కన ఇంకో పేరుంటుంది. ఆయన ఒంటరిగా రాయలేదా?

జవాబు: రాశారు. కానీ సంగీత నాటకాలను పక్కన పెడితే, పూర్తి నిడివి నాటకాల్లో ఆయన ఒక్కరి పేరుతో నిలిచింది 1925 నాటి ‘ది బటర్ అండ్ ఎగ్ మ్యాన్’. మిగతావి మార్క్ కానెలీ, ఎడ్నా ఫెర్బర్, మాస్ హార్ట్ వంటివారితో కలిసి రాసినవే. కథ కట్టడం, కత్తెర వేయడం, నవ్వు ఎక్కడ పడుతుందో పసిగట్టడం ఆయన బలం. ప్రేమ సన్నివేశాలంటే మాత్రం పడదు, వాటిని జోడీకే వదిలేసేవారు. మోరీ రిస్కిండ్‌తో రాసిన ‘ఆఫ్ దీ ఐ సింగ్’కు 1932లో అమెరికాలో పేరున్న పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ ఇద్దరితోపాటు పాటలు రాసిన ఐరా గెర్ష్విన్‌కూ దక్కింది. బాణీలు కట్టిన జార్జ్ గెర్ష్విన్‌కు దక్కలేదు, ఎందుకంటే అది రచనకిచ్చే బహుమతి.

ప్రశ్న: మాస్ హార్ట్‌తో ఆయన పని ఎలా సాగింది?

జవాబు: మొదటి నాటకం ‘వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్’ చూస్తే చాలు. సినిమాకు మాటలొచ్చిన రోజుల్లో హాలీవుడ్ గందరగోళం మీద హాస్యం. తొలి స్క్రిప్టు పాతికేళ్ల హార్ట్‌ది. నలభయ్యేళ్ల కాఫ్‌మన్ ముందుగా చేసిన పని కోత. ఆ తర్వాత ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని వాక్యం వాక్యం తిరగరాశారు.

1930 వేసవిలో న్యూయార్క్ బయట ప్రయోగ ప్రదర్శనలు వేస్తే తొలి అంకానికి హాలు నవ్వింది, చివరికొచ్చేసరికి చల్లబడింది. మార్చినా మూడో అంకం కుదరలేదు. నాటకం మరీ గోలగా ఉందని నిర్మాత శామ్ హారిస్ అన్న మాటతో హార్ట్‌కు చిక్కు ఎక్కడుందో తెలిసింది. మూడో అంకంలో బోలెడు డబ్బు పోసి వేసిన రెస్టారెంట్ సెట్టు, జనసందోహం తీసేసి, పాత్రలు కుదురుగా కూర్చుని మాట్లాడుకునే రైలుపెట్టె పెట్టారు. సెప్టెంబర్ 24న న్యూయార్క్‌లో హిట్టయింది. తెర ముందుకొచ్చిన కాఫ్‌మన్, ఈ నాటకంలో ఎనభై శాతం హార్ట్‌దేనని ప్రేక్షకులకు చెప్పారు. పెద్దపేరున్న భాగస్వామి ఇంత బాహాటంగా వాటా ఒప్పుకోవడం అరుదు.

అన్నీ ఆడలేదు. కథను వెనక్కి నడిపిన ‘మెర్రిలీ వీ రోల్ అలాంగ్’ (1934) భారీ తారాగణంతో వచ్చి 155 ప్రదర్శనలకే ఆగింది. ‘యూ కాంట్ టేక్ ఇట్ విత్ యూ’ (1936) మాత్రం ఎనిమిది వందలు దాటింది, పులిట్జరూ తెచ్చింది. 1940 తర్వాత హార్ట్ సొంతదారి పట్టారు.

ప్రశ్న: మేమిద్దరం కలిసి నాటకం రాస్తున్నాం. చెరో అంకం పంచుకుంటే తొందరగా అవుతుందా?

జవాబు: అవుతుంది, కానీ తేడా కొడుతుంది. మొదటి అంకంలో ముక్తసరిగా మాట్లాడిన మనిషి రెండో అంకంలో ఉపన్యాసం ఇస్తాడు. ముందు ఇద్దరూ కలిసి రంగాల పట్టిక వేయండి: ఎవరు వస్తారు, ఏం కావాలని వస్తారు, ఏం మారాక వెళ్తారు. తర్వాత ఒకరు రాసింది రెండోవారు తిరగరాయాలి. అసలు రాతప్రతి ఇద్దరిలో ఒకరి దగ్గరే ఉండాలి. రెండు ప్రతులు తిరిగితే రిహార్సల్లో నటులు చెరో డైలాగు చెబుతారు.

పాత్రలు మార్చుకుని బిగ్గరగా చదివి, గడియారం పెట్టి చూడండి. రంగస్థలం మీద కదలికలు, నవ్వులు కలిసి ఇంకా ఎక్కువ సమయమే పడుతుంది. నవ్వు పడే మాట వెంటనే కథకు కీలకమైన మాట పెట్టకండి, ఆ గోలలో ఎవరికీ వినపడదు. ఆ రెండింటి మధ్య, వినపడకపోయినా నష్టం లేని మాటేదైనా ఉంచండి.

దర్శకుడితో ఒక్కరే మాట్లాడాలి. పేర్ల వరుస, రాబడిలో వాటా, ఒకరు మధ్యలో తప్పుకుంటే స్క్రిప్టు ఎవరిది, అనువాదానికో సినిమాకో అడిగితే ఇద్దరి సంతకం కావాలా అన్నవి మొదటి రంగం రాయకముందే కాగితం మీద పెట్టుకోండి. నాటకం ఆడాక ఆ మాటలు మొదలుపెడితే తేలవు.