బుల్‌పెన్ లిస్టు రాసే ముందు, బుజ్జమ్మా

బుజ్జమ్మకు బాబాయి ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న తెనాలి నుంచి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాడు. "దాన్ని ఎమ్మెస్ చదివించింది బంతాట ఆఫీసులో కూర్చోబెట్టడానికా? నువ్వైనా చెప్పరా" అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి మీ పిన్నిని నిద్రలేపి మరీ ఈ కబురు చెప్పాను. ఒక బేస్‌బాల్ క్లబ్బు మన పిల్లను పిలిచి, ఈ చలికాలం బుల్‌పెన్‌లోకి, అంటే మొదటి పిచర్ తర్వాత దిగి బంతులు వేసే రిలీవర్ల గుంపులోకి, ఎవర్ని కొనాలో తేల్చి చెప్పమందంటే అది చిన్న సంగతి కాదు. 2023లో, క్లబ్బులు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ మొదటి రౌండులో టొరంటో బ్లూ జేస్ అర్జున్ నిమ్మలను తీసుకున్నప్పుడు, టీవీలో ఆ ఇంటిపేరు విని మీ పిన్ని కళ్లు తుడుచుకుంది. నిన్న మళ్లీ అదే పని. నేను అలాంటి క్లబ్బు ఆఫీసు గదుల్లో పంతొమ్మిదేళ్లు కూర్చున్నాను. ఒక్కరోజు కూడా పక్క కుర్చీలో మన మాట వినపడలేదు.

సంతోషం సగం, టెన్షన్ సగం. నిద్రపట్టక తెల్లవారుజామున మూడింటికి లేచి ఇది రాస్తున్నాను.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. రిలీవర్ ఈఆర్ఏని, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున అతని ఖాతాలో పడే పరుగుల లెక్కని (ఎంత తక్కువైతే అంత మంచిది), ఒక్క ఏడాది చూసి నమ్మకు. అతను బేస్‌ల మీద వదిలి వెళ్లిన ఎదుటి జట్టు రన్నర్లను తర్వాత వచ్చినవాడు ఆపితే ఇతని లెక్క బాగుంటుంది, ఆపలేకపోతే ఆ పరుగులు ఇతని ఖాతాలోనే పడతాయి. స్ట్రైకౌట్లు (బ్యాటర్‌ను తనే అవుట్ చేసినవి), వాక్‌లు (గురి తప్పి ఊరికే బేస్ ఇచ్చినవి), హోమ్ రన్లు విడిగా చూడు. రిలీవర్ ఏడాదంతా వేసే అరవై ఇన్నింగ్స్ అంటే రెండు వందల యాభై మంది బ్యాటర్లు, అంతే. రెండు చెడ్డ రాత్రులు ఏడాది లెక్కనే మార్చేస్తాయి. మార్చి నెల ప్రాక్టీసు మ్యాచుల అంకెల జోలికి పోవద్దు. వయసు చూడు, కానీ వయసొక్కటే చూడకు.

ఏ మైదానంలో వేస్తాడో కూడా చూడాలి. దీనికి డెన్వర్‌లో ఆడే రాకీస్ కథ ఒక్కటి చాలు. 2017 డిసెంబరులో వాళ్లు ముగ్గురు పేరున్న రిలీవర్లకు తలా మూడేళ్ల ఒప్పందం ఇచ్చారు. వేడ్ డేవిస్‌కు 5.2 కోట్ల డాలర్లు, బ్రయన్ షాకు 2.7 కోట్లు, జేక్ మెగీకి 2.7 కోట్లు. డెన్వర్ సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తు. అక్కడ గాలి పలచన, కర్వ్‌బాల్ వంగాల్సినంత వంగదు. డేవిస్ మొదటి ఏడాది 43 సేవ్‌లతో (చివర్లో దిగి ఆధిక్యం కాపాడిన మ్యాచులు) నేషనల్ లీగ్‌లో అందరికంటే ముందున్నాడు. మరుసటి ఏడాది అతని ఈఆర్ఏ 8.65. షా, మెగీలకు ఆ మొదటి ఏడాదే కలిసిరాలేదు. ఇద్దర్నీ మూడో ఏడాది, 2020 జూలైలో వదిలేశారు. ఆ మెగీయే వెంటనే డాడ్జర్స్‌లో చేరి చక్కగా వేసి, ఆ ఏడాది వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నాడు. అదే మనిషి, అదే చెయ్యి.

అందరూ ఈ కథలో ఎత్తు గురించే మాట్లాడతారు. నాకు మాత్రం షా సంగతి గుచ్చుకుంటుంది. రాకీస్‌కు రాకముందు క్లీవ్‌లాండ్‌లో ఐదేళ్లు, ఒక్క ఏడాది తప్పకుండా కనీసం 70 మ్యాచుల్లో అతన్ని దింపారు. "ఎంత గట్టివాడో" అని అందరం అనుకున్నాం. గట్టివాడే. కానీ అన్నిసార్లు వేసిన చెయ్యి ఏమైపోయి ఉంటుందని ఎవరం అడగలేదు. నేను అంతకుముందే దెబ్బతిన్నవాణ్ణి, నేనైనా అడగాల్సింది.

ఆ దెబ్బ గురించి మీ పిన్నికి తప్ప ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఈ పనిలోకి దిగకపోతే నీకూ చెప్పేవాణ్ణి కాదు.

2011 చలికాలం. మా క్లబ్బుకు ఎనిమిదో ఇన్నింగ్ చూసుకునే మనిషి కావాలి. ముప్ఫై నాలుగేళ్ల కుడిచేతి పిచర్ ఒకతను ఏ క్లబ్బుతోనూ ఒప్పందం లేని ఫ్రీ ఏజెంట్‌గా ఉన్నాడు. రిపోర్టు రాసే పని నాకు పడింది. స్ట్రైకౌట్లు బాగున్నాయి, వాక్‌లు తక్కువ, ఫాస్ట్‌బాల్ వేగం సగటున ఏమీ తగ్గలేదు. ఆ "సగటున" దగ్గరే బోల్తా పడ్డాను. ఎండాకాలం అంతా ఎప్పటికంటే కాస్త వేగంగా వేశాడు, సెప్టెంబరులో బాగా తగ్గాడు. రెండూ కలిపేసరికి ఏ తేడా లేనట్టు కనపడింది. నెలవారీగా విడదీసి చూడటం పది నిమిషాల పని. చూడలేదు. రెండేళ్ల ఒప్పందం ఇవ్వచ్చని రాశాను. ఇచ్చారు.

ఫిబ్రవరిలో ప్రాక్టీసు చూడటానికి అరిజోనా వెళ్లాను. ఎడారిలో పొద్దున్నపూట చలి గట్టిగా ఉంటుంది. అతను బంతులు వేయడం ముగించి, కంచె మీద ఆరేసిన జాకెట్ తీసుకున్నాడు. నేను నాలుగడుగుల దూరంలో కాఫీ పట్టుకుని నిలబడి ఉన్నాను. జాకెట్‌ను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతిని ఒంటికి ఆనించి కిందికి వేలాడేసి, దాని మీదికి జాకెట్ స్లీవ్‌ను మెల్లగా భుజం దాకా లాక్కున్నాడు. ఆ తర్వాత ఎడమచెయ్యి మామూలుగా దూర్చేశాడు.

నువ్వు పుట్టకముందు మీ తాతయ్యకు కుడి భుజం పట్టేసింది. ఆరు నెలలు లాల్చీ సరిగ్గా అలాగే తొడుక్కున్నారు. ముందు నొప్పి చెయ్యి, తర్వాత మంచి చెయ్యి. నాయనమ్మ వెనక నిలబడి గుడ్డ పట్టుకునేది. ఆ పొద్దున ఆ మైదానంలో నాకు తాతయ్యే కనిపించారు. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

అయినా నోరు విప్పలేదు. డాక్టర్లు ఎమ్మారై చూసే సంతకం పెట్టారు కదా అనుకున్నాను. నేను ఆటగాళ్లను కళ్లతో చూసి అంచనా వేసే స్కౌట్‌ని కాదు, అంకెల మనిషిని, జాకెట్ తొడుక్కున్న తీరు గురించి చెబితే ఎవరు వింటారు అనుకున్నాను. అన్నిటికంటే, ఆ రిపోర్టు కింద ఉన్నది నా పేరు. నా తప్పును నేనే బయటపెట్టుకోవడానికి మనసొప్పలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మార్చి చివర్లో ఇరవై ఐదు మంది జాబితా తేల్చాల్సి వచ్చింది. అప్పట్లో ఇరవై ఐదుగురే. మాకొక కుర్ర ఎడమచేతి రిలీవర్ ఉండేవాడు. ఆప్షన్లు (అడ్డు లేకుండా మైనర్ లీగ్‌కు పంపే అవకాశాలు) అయిపోయాయి, అంటే కిందికి పంపాలంటే ముందు వేవర్స్‌లో, అంటే ఇతర క్లబ్బులు తీసుకోగల జాబితాలో, పెట్టి తీరాలి. పెద్దాయన కోసం ఆ అబ్బాయిని పెట్టాం. ఇంకో క్లబ్బు ఎగరేసుకుపోయింది, అక్కడ చాలా ఏళ్లు బాగా వేశాడు. మేం నిలబెట్టుకున్నాయన భుజం మేలో పోయింది. సర్జరీ చేయించుకుని ఏడాది పైన కష్టపడ్డాడు. మళ్లీ పెద్ద లీగ్‌లో బంతి పట్టలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

జూన్‌లో ఒకరోజు మా బుల్‌పెన్ కోచ్ పక్కన కూర్చున్నాను. ఆయన ఆ ఏడాదే మా దగ్గరికి వచ్చాడు, అంతకుముందు ఆ పిచర్ ఉన్న జట్టులోనే పనిచేశాడు. జేబులోంచి అరచేతిలో పట్టే నోట్‌బుక్ తీసి పాత ఏడాది పేజీలు చూపించాడు. పిచర్ ఆటలోకి దిగితే నిలువు గీత. ఫోన్ మోగి, లేచి, బంతులు వేసి ఒళ్లు వేడెక్కించుకుని, పిలుపు రాక మళ్లీ బెంచీ మీద కూర్చుంటే సున్నా. ఇతని పేరు ఎదురుగా ఆగస్టు, సెప్టెంబరు వరసల్లో గీతల కంటే సున్నాలే ఎక్కువ. స్కోరు పుస్తకంలో ఆ సున్నాలు ఉండవు. నా స్ప్రెడ్‌షీట్‌లోనూ లేవు. ఆ చెయ్యి మాత్రం ఒక్కో సున్నాకు పాతిక బంతులు వేసింది.

"ఇది నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు అడగలేదుగా" అన్నాడు. మామూలుగానే అన్నాడు, తప్పు పట్టినట్టు కాదు. మా ఇద్దరి గదుల మధ్య ఒక్క మెట్ల వరస ఉండేది.

అందుకని బుజ్జమ్మా, నీ లిస్టులో ముప్ఫై దాటిన ప్రతి పేరుకూ సున్నాలు కనుక్కో. ఈ రోజుల్లో బంతి ఎంత వేగంగా వచ్చింది, ఎన్నిసార్లు తిరిగింది, చెయ్యి ఏ ఎత్తులో వదిలింది అన్నీ కెమెరాలు రాసేస్తున్నాయి. అవి చూడు, నెలవారీగా చూడు, వరసగా రెండో రోజు వేసినప్పుడు విడిగా చూడు. చూశాక ఫోన్ చెయ్యి. బుల్‌పెన్ కోచ్‌కు, బంతి పట్టిన క్యాచర్‌కు, ట్రైనర్‌కు. వాళ్లు చెప్పలేనివి ఉంటాయి, చెప్పగలిగినవే బోలెడు ఉంటాయి. నీకు ఇంగ్లిష్‌లో పెద్దవాళ్లతో మాట్లాడాలంటే మొహమాటమని నాకు తెలుసు. మెసేజ్ పెట్టి ఊరుకుంటావు. అది కుదరదు. ఫోన్ చెయ్యి.

ఇదంతా చదివి పెద్దవాళ్లందర్నీ పక్కన పెట్టేస్తావేమోనని ఇంకో భయం. ఆ ఏడాది తర్వాత నేను అదే చేశాను. ముప్ఫై రెండు దాటిన పేరు కనిపిస్తే చాలు కొట్టేసేవాణ్ణి. అదీ తప్పే. 2016 చలికాలంలో చార్లీ మోర్టన్ అనే పిచర్ పేరు చూసి నేను పేజీ తిప్పేశాను. 33 ఏళ్లు, మోచేతికీ తుంటికీ సర్జరీలు, ఆ సీజన్‌లో తొడ కండరం తెగి వేసింది 17 ఇన్నింగ్స్ పైచిలుకు మాత్రమే. ఆస్ట్రోస్ మాత్రం ఆ కొద్దిపాటి ఇన్నింగ్స్‌లోనే అతని బంతి వేగం పెరిగిందని చూశారు. రెండేళ్లకు 1.4 కోట్ల డాలర్లు ఇచ్చారు. మరుసటి ఏడాది వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో చివరి నాలుగు ఇన్నింగ్స్ వేసి గెలిపించింది అతనే.

రిచ్ హిల్ కథ నాకు ఇంకా ఇష్టం. 35 ఏళ్ల వయసులో, 2015లో, ఏ పెద్ద క్లబ్బుతోనూ సంబంధం లేని లాంగ్ ఐలాండ్ డక్స్‌కు వేసేవాడు. రెడ్ సాక్స్ తెచ్చుకున్నారు. ఒకప్పుడు తనూ పిచరైన బ్రయన్ బానిస్టర్ అప్పుడు అక్కడ లెక్కల పనిలో ఉన్నాడు. హిల్‌తో కూర్చుని, నీ కర్వ్‌బాల్ ఇంత బాగుంటే ఇంకా ఎక్కువ వెయ్యవచ్చుగా అన్న లెక్కన మాట్లాడాడు. ఆ సీజన్ చివర్లో హిల్ వేసింది నాలుగు మ్యాచులు, 29 ఇన్నింగ్స్, 36 స్ట్రైకౌట్లు. ఏడాది తిరిగేసరికి డాడ్జర్స్ మూడేళ్లకు 4.8 కోట్ల డాలర్లు ఇచ్చారు. బానిస్టర్ దగ్గరున్న అంకెలు ఇంకా చాలామంది దగ్గర ఉండేవి. వెళ్లి అతని పక్కన కూర్చున్నవాడు మాత్రం బానిస్టరే.

మిగతావి నీకు పది రోజుల్లో వచ్చేస్తాయి. జట్టుకు 26 మంది, అందులో పిచర్లు 13కి మించకూడదు. 2020 నుంచీ, ఆటలోకి దిగిన రిలీవర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకైనా వెయ్యాలి, లేదా ఆ సగం ఇన్నింగ్ అయినా ముగించాలి, కాబట్టి ఒక్క ఎడమచేతి బ్యాటర్ కోసం మనిషిని ఉంచుకునే రోజులు పోయాయి. ఆప్షన్లు ఉన్న కుర్రాళ్లు కనీసం ఇద్దరు ఉండేలా చూసుకో, పద్నాలుగు ఇన్నింగ్స్ ఆడిన రాత్రి మర్నాడు తాజా చెయ్యి కావాలి. పెద్ద లీగ్‌లో సర్వీసు ఐదేళ్లు నిండినవాళ్లను వాళ్లు ఒప్పుకోకుండా కిందికి పంపలేవు. పేరున్న పెద్దవాడు మైనర్ లీగ్ ఒప్పందానికి, స్ప్రింగ్ క్యాంపు పిలుపుకు ఒప్పుకుంటే సంతోషంగా తీసుకో, పోయేదేమీ లేదు. కానీ ఎప్పుడైనా ఒక పెద్దవాడి పేరు రాసినప్పుడు, పక్కనే రాయి: ఇతను వస్తే ఎవరు వెళ్లాలి? ఆ పేరు రాయకుండా రిపోర్టు ఇవ్వద్దు. మా ఎడమచేతి అబ్బాయి పేరు నా రిపోర్టులో ఎక్కడా లేదు. మార్చిలో అతను సామాను సర్దుకుంటుంటే చూసేదాకా నా లెక్కలో అతను లేనే లేడు.

ఇంకొక్కటి, నువ్వు కోపం తెచ్చుకోకుండా విను. గదిలో మౌనంగా కూర్చోకు. చిన్నప్పుడు క్లాసులో జవాబు తెలిసినా చెయ్యెత్తేదానివి కాదని మీ అమ్మ ఎప్పుడూ అంటుంది. ఇక్కడ నువ్వు నోరు విప్పకపోతే ఒకడి భుజం పోవచ్చు. నీ రిపోర్టు తప్పని నీకే అనిపిస్తే, ఆ రోజే చెప్పు. రెండు నిమిషాలు మొహం ఎర్రబడుతుంది. నేను పధ్నాలుగేళ్లుగా మోస్తున్నాను.

నీ లిస్టు మాత్రం నాకు పంపకు, ఫోన్‌లో కూడా పేర్లు చెప్పకు. అది క్లబ్బు గుట్టు. నేను అడిగినా చెప్పకు.

వీసా కాగితాల సంగతి ఉద్యోగంలో చేరకముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకో. మీ నాన్న అసలు భయం అదే, బంతాట కాదు. నేను ఆదివారం ఆయనతో మాట్లాడతాను. ఆ తర్వాత నువ్వూ చెయ్యి, ఆయన మొదట అరుస్తాడు, అరవనివ్వు.

ఫిబ్రవరిలో క్యాంపుకు పంపితే మందపాటి స్వెటర్ పట్టుకెళ్లు, ఎడారి కదా అని వదిలేయకు. పొద్దున్నే వెళ్లి, బంతులు వేయడం అయ్యాక వాళ్లు జాకెట్లు తొడుక్కునే చోట నిలబడు. పిన్ని కందిపొడి, గోంగూర పచ్చడి కట్టి ఉంచింది, సోమవారం కొరియర్ చేస్తాను.

మీ బాబాయి