మందు అదే, గాయం అదే. కట్టు మార్చే మనిషిని బట్టి నొప్పి ఎందుకు మారుతుంది?

మోకీలు మార్పిడి ఆపరేషన్ అయిన మీ నాన్నగారికి ఒక సిస్టర్ ఇంటికొచ్చి కట్టు మారిస్తే "పెద్దగా తెలియలేదు" అంటున్నారు, ఇంకొకావిడ వస్తే కేకలు పెడుతున్నారు, మాత్రలు మాత్రం మారలేదు. ఇది ఆయన నటనా, భ్రమా అని అడిగారు. రెండూ కాదు. మీ నాన్నగారి నొప్పి రెండు రోజులూ నిజమే, కొలత మాత్రం వేరు. ఆ తేడాలో కొంత సిస్టర్ చేతి తీరుది, కొంత ఆవిడ ముఖానిది, కొంత పక్కన నిలబడ్డ మీది కూడా.

ముఖం సంగతి ముందు చెప్తాను, ఎవరూ నమ్మనిది అదే కాబట్టి. 1985లో జ్ఞానదంతాలు తీయించుకున్న రోగుల మీద గ్రేస్లీ బృందం చేసిన ప్రయోగం ఒకటుంది. మీకు ఇచ్చే ఇంజెక్షన్ నొప్పి తగ్గించవచ్చు, పెంచవచ్చు, ఏమీ చేయకపోవచ్చు అని రోగులందరికీ ఒకే మాట చెప్పారు. తేడా అంతా ఇచ్చేవాళ్లకు తెలిసిన విషయంలో ఉంది. ఒక విడతలో ఫెంటానిల్ అనే బలమైన మందు పడే అవకాశమే లేదని వాళ్లకు తెలుసు. రెండో విడతలో పడొచ్చని తెలుసు. ఎవరికి ఏది పడిందో మాత్రం వాళ్లకూ తెలియదు. లోపల మందేమీ లేని ఉత్తుత్తి ఇంజెక్షనే పడిన రోగుల్ని పోలిస్తే, గంట తర్వాత రెండో విడతవాళ్లకు నొప్పి తక్కువ. ఎవరూ నోరు విప్పి ఏమీ చెప్పలేదు.

అది ఎలా చేరిందో 2019లో అమెరికాలోని డార్ట్‌మౌత్ కాలేజీలో ఇంకాస్త బయటపడింది. విద్యార్థుల్లో కొందరిని డాక్టర్లుగా, కొందరిని రోగులుగా కూర్చోబెట్టారు. రెండు క్రీములిచ్చి, వాటిలో 'థర్మెడాల్' అనేది వేడి మంటను తగ్గిస్తుందని, రెండోది తగ్గించదని డాక్టరు పాత్రధారుల్ని ముందు నమ్మించారు. ఎలాగంటే, ఆ క్రీము రాసిన చోట వాళ్లకు తెలియకుండా వేడి తగ్గించారు. నిజానికి రెండు క్రీములూ వ్యాసలీన్ లాంటివే. తర్వాత రోగులకు రెండింటినీ ఒకే వేడితో పరీక్షిస్తే థర్మెడాల్ దగ్గర నొప్పి తక్కువన్నారు. మాటతో ఆగలేదు, చర్మం మీద చెమట స్పందన కూడా తగ్గింది. డాక్టర్ల ముఖాల్ని వీడియోలో పరిశీలిస్తే, నమ్మకం ఉన్న క్రీము వాడేటప్పుడు వాళ్ల ముఖకవళికలే వేరుగా ఉన్నాయి.

భ్రమ అని కొట్టిపారేయలేకపోవడానికి ఇంకో ఆధారం 1978 నాటిది. నాలోక్సోన్ అనే మందు, బలమైన నొప్పి మందైన మార్ఫిన్ పనిని అడ్డుకుంటుంది. అదే మందు ఉత్తుత్తి మందు వల్ల వచ్చిన ఉపశమనాన్ని కూడా అడ్డుకుందని లెవీన్, గోర్డన్, ఫీల్డ్స్ చూపించారు. అంటే ఆ ఉపశమనంలో శరీరం తనంతట తాను విడుదల చేసే నొప్పినివారిణికి భాగముంది.

ఇక ఇంట్లో చేయాల్సినవి. ముందు మాత్ర. డాక్టరు రాసిన నొప్పి మాత్ర, రాసిన వ్యవధి మారకుండా, కట్టు మార్చడానికో వ్యాయామానికో దాదాపు 45 నిమిషాల ముందు పడేలా టైము కుదుర్చుకోండి. టిఫిన్లో కలిపి దాచి ఇవ్వకండి. మిషన్ ద్వారా రోగికి తెలియకుండా ఎక్కించిన 6 నుంచి 8 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కీ, కళ్లెదుట ఇచ్చిన వట్టి సెలైన్‌కీ ఉపశమనంలో తేడా లేదని లెవీన్, గోర్డన్ 1984లో చెప్పారు. కాబట్టి ఎదురుగా కూర్చుని "నాన్నా, ఇది నొప్పి మాత్ర, సిస్టర్ వచ్చేసరికి పనిచేస్తుంటుంది" అని చేతికివ్వండి. ఫోన్ చూస్తూ మంచం మీద పడేసిన మాత్రలో కొంత పని వృథా పోయినట్టే.

సిస్టర్ వచ్చేలోపు గాజుగుడ్డ, సెలైన్, గ్లవ్స్, కొత్త డ్రెస్సింగ్, చెత్త కవరు అన్నీ ఒకే ట్రేలో సర్దిపెట్టండి. కట్టు విప్పాక కత్తెర కోసం ఇల్లంతా వెతికితే ఆ ఐదు నిమిషాలూ ఆయన గాయాన్నే చూస్తూ పడుకుంటారు.

మీరు తల వైపు స్టూలు మీద కూర్చోండి, కళ్లు ఆయన కళ్ల ఎత్తులో ఉండాలి. కాళ్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడితే కాపలా మనిషిలా కనిపిస్తారు. అన్నిటికంటే చెడ్డది "స్స్స్" అనే చప్పుడు. ప్లాస్టర్ అంచు లేవగానే పక్కనున్నవాళ్లు పెదవి కొరికి, ఊపిరి బిగబట్టి, పళ్ల సందుల్లోంచి గాలి లాగుతారు. తమకు తెలియకుండానే! కట్టు ఊడకముందే ఆయనకు కబురు అందిపోతుంది. దీనికి విరుగుడు, ప్లాస్టర్ లాగే క్షణంలో మీరు నెమ్మదిగా గాలి బయటికి వదలడం. ఆయన కూడా మీతో పాటు వదులుతారు. గాయం చూడలేని మనిషైతే ఆ గదిలో ఉండనక్కర్లేదు, ఇంకొకరిని కూర్చోబెట్టండి. బలవంతపు నవ్వు పనిచేయదు. గొంతు వణుకుతూ "ఏం కాదు, ఏం కాదు" అంటే పెద్దవాళ్లు వెంటనే పట్టేస్తారు, ఏదో దాస్తున్నారని. థర్మెడాల్ డాక్టర్లు నటించలేదు, నమ్మారు. మీకు ఆ నమ్మకం రావాలంటే మాత్ర ఎంతసేపటికి పనిచేస్తుందో, కట్టులో తర్వాత ఏం జరగబోతోందో సిస్టర్‌నే అడిగి ముందే తెలుసుకోండి.

చేతుల దగ్గర యాంత్రికమైన కారణం కూడా ఉంది. భయపడ్డ మనిషి తొడ కండరం బిగిస్తాడు. బిగిసిన కండరంతో మోకాలు వంచితే కుట్ల చోటంతా లాగుతుంది, అప్పుడు భయపడ్డంతా నిజమవుతుంది. కాలు ఎత్తాల్సి వస్తే ఒక అరచేయి మడమ కింద, ఇంకొకటి తొడ చివర కింద పూర్తిగా పరిచి, రెండు క్షణాలు అలాగే ఆగి, బరువు మీ చేతుల్లోకి వచ్చాకే కదపండి. వేళ్ల కొనలతో పట్టుకుంటే గుచ్చుకుంటుంది. చేతులు చల్లగా ఉంటే ముందు రుద్దుకోండి. నొప్పి తెలియనివ్వని సిస్టర్‌ని గమనించండి, బహుశా ఆవిడ ప్లాస్టర్‌ని నిటారుగా పైకి లాగదు. ఒక చేత్తో చర్మాన్ని నొక్కిపట్టి, అంచును వెనక్కి మడిచి, చర్మానికి ఆనించినట్టే వెంట్రుకల వాలున తీస్తుంది. అంటుకుపోయిన గాజుగుడ్డను సెలైన్‌తో తడిపి రెండు మూడు నిమిషాలు నాననిస్తుంది. రెండో ఆవిడను ఇలా చేయమని మర్యాదగా అడగడంలో తప్పులేదు.

మాటల్లో మన ఊళ్ల అలవాటు "చీమ కుట్టినట్టుంటుంది అంతే". ధైర్యం చెప్పామనుకుంటాం. 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో 140 మంది గర్భిణులకు నడుములో మత్తు ఇంజెక్షన్‌కు ముందు సగం మందికి పెద్ద తేనెటీగ కుట్టినట్టుంటుందని, మిగతావాళ్లకు ఆ చోటు మొద్దుబారి హాయిగా ఉంటుందని చెప్పారు. సూది అదే. మొదటివాళ్ల మధ్యస్థ నొప్పి పదికి 5, రెండోవాళ్లది 3. "ఇప్పుడు చల్లగా తగులుతుంది, తర్వాత అంచు తీస్తారు" అని జరగబోయేది చెప్పండి, కుట్టడం, మండడం అనే మాటలు వద్దు. అలాగని నొప్పే ఉండదని అబద్ధమాడకండి, ఒక్కసారి అబద్ధం తేలితే మర్నాడు మీ మాటకు విలువ ఉండదు. చూడ్డానికొచ్చి "మా బావగారు ఈ ఆపరేషన్ తర్వాత ఆరు నెలలు మంచం దిగలేదు" అనే చుట్టాలకు హాల్లోనే కాఫీ ఇచ్చి పంపేయండి.

నొప్పి ఎంతుందని సున్నా నుంచి పది వరకు కట్టుకు ముందొకసారి, తర్వాతొకసారి అడిగి రాసుకోండి. రెండు నిమిషాలకోసారి అడిగితే ధ్యాసంతా అక్కడే ఉంటుంది. అడిగేది ఎప్పుడూ ఒకే మనిషైతే మంచిది. మగవాళ్లు మగ పరిశోధకుడికి చెప్పినదానికంటే ఆడ పరిశోధకురాలికి తక్కువ నొప్పి చెప్పారని 1991లో ఒక ప్రయోగంలో తేలింది. కోడలు అడిగితే "ఏం లేదమ్మా" అని, కొడుకు అడిగితే మూలిగే పెద్దాయన మీకు కొత్త కాకపోవచ్చు.

వీటిలో ఏదీ మందుకు బదులు కాదు. పిక్క వాచి గట్టిపడి నొప్పెట్టడం, ఆయాసం, జ్వరం, గాయం నుంచి చీము, ఉన్నట్టుండి పెరిగిన నొప్పి కనిపిస్తే ఓదార్చుతూ కూర్చోకుండా ఆస్పత్రికి ఫోన్ చేయండి. ఆయాసమైతే నేరుగా అత్యవసర విభాగానికే. మీ నాన్నగారికి మతిమరుపు జబ్బు ఉంటే డాక్టరుకు ప్రత్యేకంగా చెప్పండి. అల్జీమర్స్‌లో మెదడు ముందు భాగం దెబ్బతిన్నవాళ్లకు ఈ ఆశ వల్ల వచ్చే ఉపశమనం తగ్గిపోతుందని, కొన్నిసార్లు మందు మోతాదు పెంచాల్సి వస్తుందని బెనెడెట్టి బృందం 2006లో చూపించింది. అలాంటివాళ్లలో కొందరు నొప్పిని అంకెల్లో చెప్పలేకపోవచ్చు కూడా. అప్పుడు నుదురు ముడతలు, పిడికిలి బిగించడం, కాలు ముట్టుకోనివ్వకపోవడం చూసి అంచనా వేసి డాక్టరుకు చెప్పాలి.