పొలంలో పెంచిన పొట్టేళ్లను అక్కడే కోసి అమ్ముకోవాలంటే లైసెన్స్ కావాలా?

మీకు నెల్లూరు జిల్లా ఆత్మకూరు పక్కన ముప్పై జోడిపి (నెల్లూరు జాతిలో ఒక రకం) గొర్రెలున్నాయి. ఆదివారం ఆదివారం రెండో మూడో పొట్టేళ్లను పొలం దగ్గరే కోసి కిలోల లెక్కన అమ్ముదామనుకుంటున్నారు. "సొంత జీవాలే కదా, రైతుకి లైసెన్స్ ఎందుకు?" అని మీ ప్రశ్న. మాది వింజమూరు వైపు. మొదట్లో నేనూ అచ్చంగా ఇదే మాట అనుకుని ఏ కాగితం లేకుండా మొదలుపెట్టాను.

2022లో అక్టోబర్ 2 ఆదివారం పడింది. శనివారమే ఆర్డర్లు తీసుకుని రెండు పొట్టేళ్లను కట్టేశాను. తెల్లారేసరికి ఒకటి కోసేశాం, రెండోదాన్ని విప్పుతుంటే పంచాయతీ నుంచి ఫోన్. గాంధీ జయంతి రోజు మాంసం అమ్మకూడదని నాకు తట్టనే లేదు. ఆ ఫోన్లోనే "అసలు నీకు రిజిస్ట్రేషన్ ఉందా?" అనడిగారు. రెండో పొట్టేలు బతికిపోయింది. మొదటిది పద్నాలుగు కిలోలు తూగింది, బంధువులందరికీ పంచిపెట్టాను. ఆ వారమంతా మా ఇంటికి వచ్చిపోయేవాళ్లే.

రైతుకి మినహాయింపు ఉన్నమాట నిజమే. కాకపోతే జీవం ప్రాణంతో ఉన్నంతవరకే. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రాణమున్న పశువు ఆహారం కాదు. దాన్ని కోసి అమ్మకానికి పెట్టిన నిమిషం నుంచి మీరు రైతు కాదు, ఆహార వ్యాపారి. ఇంట్లో పెళ్లికో తిరునాళ్లకో కోసుకుని తింటే ఎవరూ అడగరు. పోగులేసి డబ్బులు తీసుకుంటే మాత్రం అది వ్యాపారమే.

ముందు మీ పొలం మున్సిపాలిటీ హద్దులో ఉందో, పంచాయతీలో ఉందో చూసుకోండి. మున్సిపాలిటీలో ఉంటే, గుర్తింపు ఉన్న కబేళాలో తప్ప ఇంకెక్కడా కోయకూడదని 2001లో వచ్చిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అప్పుడు మీకున్న దారి ఒక్కటే: జీవాన్ని అక్కడికి తోలుకెళ్లి కోయించుకోవాలి.

పంచాయతీలో ఉంటే చిన్న వ్యాపారులకిచ్చే రిజిస్ట్రేషన్ చాలు. నేను తీసుకున్నప్పుడు దానికి 2011 నిబంధనల్లో రెండు హద్దులుండేవి. ఒకటి, రోజుకి 10 గొర్రెలు లేదా మేకలు, కోళ్లయితే 50. రెండోది, ఏడాది అమ్మకం 12 లక్షలు దాటకూడదు. పది జీవాలనగానే "మనం కోసేది రెండే కదా" అనుకుంటాం, అందరం బోల్తా పడేది ఇక్కడే. రెండో హద్దు లెక్కేసి చూడండి. పొట్టేలుకి 14 కిలోలు, కిలో 800 అనుకుందాం. వారానికి రెండు కోస్తే ఏడాదికి దాదాపు 11 లక్షల 65 వేలు. తలకాయ, కాళ్లు, బోటీ విడిగా అమ్మితే అక్కడే 12 లక్షలు దాటిపోవచ్చు. వారానికి మూడైతే 17 లక్షల పైమాటే, అప్పటి లెక్కన రాష్ట్ర లైసెన్స్ తీసుకోవాల్సి వచ్చేది. నేను అందుకే రెండు దగ్గరే ఆగాను, అదీ వారం విడిచి వారం. ఇవి నేను తీసుకున్నప్పటి అంకెలు. మీరు దరఖాస్తు పెట్టే రోజు ఫోస్కోస్ పోర్టల్లో (ఆహార వ్యాపారాల రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు ఇచ్చే కేంద్ర సంస్థ వెబ్‌సైట్) ఒకసారి సరిచూసుకోండి.

దరఖాస్తు తేలికే. ఆ పోర్టల్లోనే పెట్టాను. ఫోటో, ఆధార్, స్థలం వివరం ఇచ్చి ఏడాదికి 100 రూపాయల చొప్పున ఐదేళ్లకి ఒకేసారి కట్టేశాను. పద్నాలుగు అంకెల నంబరొచ్చింది. చెప్పులరిగింది పంచాయతీ ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం కోసమే. దానికి మూడు వారాలు పట్టింది.

కాగితం సంగతి అంతే. అసలు పనంతా పశువుల డాక్టరుతో. చూడి గొర్రెని కోయకూడదు, మూడు నెలల్లోపు పిల్లనీ కోయకూడదు, మూడు నెలల్లోపు పిల్ల ఉన్న తల్లినీ కోయకూడదు. కోతకి పనికొస్తుందని డాక్టరు రాసివ్వాలి. కష్టమేంటంటే మనకి గిరాకీ ఉండేది ఆదివారం, డాక్టరుగారికి సెలవు ఆదివారం. బతిమాలితే మా డాక్టరుగారు శనివారం సాయంత్రం వచ్చి జీవాల్ని చూసి రాసిచ్చేవారు. కోశాక కూడా చూపించమని ఆయనే అన్నారు. ఎందుకబ్బా ఇంత చాదస్తం అని లోపల్లోపల విసుక్కున్నాను.

ఒక వానాకాలం చెరువు కింద మేసిన పొట్టేల్ని కోశాం. పైకి నిగనిగలాడుతోంది, కోసేముందు దాకా మేత మేసింది. డాక్టరుగారు కార్జం చేతిలోకి తీసుకుని అంచు నొక్కి చూశారు. అక్కడ గట్టిగా ఉంది, లోపలి నాళాలు తెల్లగా తాడులా తేలాయి. కత్తితో ఒక గాటు పెట్టి బొటనవేలితో నొక్కితే చింతాకుల్లాంటి గోధుమరంగు జలగలు నాలుగైదు జారి బయటికొచ్చాయి. మాంసానికి ఫర్వాలేదు, కార్జం మాత్రం పూడ్చిపెట్టేయమన్నారు. ఆ కార్జం కోసం రెండు రోజుల ముందే చెప్పిపెట్టుకున్న పెద్దాయన నా మీద గయ్యిమన్నాడు. "మా నాయన కాలంలో ఇవన్నీ చూసే తిన్నామా?" అని. జలగల్ని చూపించాక ఇంకో మాట మాట్లాడలేదు.

ఇంకోసారి ఊపిరితిత్తుల్లో నీటిబుడగలు కనిపించాయి. "కోసిన వ్యర్థం ఎవరు తింటారు?" అనడిగారు డాక్టరుగారు. ఎవరు తింటారు, మా పొలం కుక్కలే. ఆ బుడగలు తిన్న కుక్క కడుపులో పురుగు పెరుగుతుందట, దాని గుడ్లు పెంటతో బయటికొచ్చి గడ్డి మీద పడి మళ్లీ గొర్రెకి చేరతాయట. మనిషికీ అలాగే చేరతాయి, మనిషి కార్జంలో కూడా అవే బుడగలొస్తాయి. అప్పట్నుంచి ఆరడుగుల గుంత, మీద మూత, ప్రతిసారీ సున్నం. కుక్కలకి ముక్క కూడా పడదు.

అమ్మే చోటుకి విడిగా రూల్సున్నాయి. కొట్టుకీ కాపురముండే ఇంటికీ మధ్య దారి ఉండకూడదు. గోడకి ఐదడుగుల ఎత్తున టైల్స్, నీళ్లు నిలవకుండా వాలున్న నేల, పగుళ్లు లేని మొద్దు ఉండాలి. తోళ్లు అక్కడ దాచకూడదు. గుడికి 50 మీటర్ల లోపల పెట్టకూడదు, గుడి వాకిలికి ఎదురుగా అయితే 100 మీటర్లు. నేను మొదట అనుకున్న చోటు పోలేరమ్మ గుడికి నలభై అడుగుల్లో ఉంది. ఏటా వేట పడే గుడే అది. అయినా రూల్ రూలే, నేనే చెరువు గట్టు వైపుకి మారాను. కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించుకోండి, మర్చిపోతే అనవసరపు టెన్షన్.

నాటుకోళ్లు కూడా కలిపి అమ్ముదామనుకుంటే ఒక్క మాట. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్‌ఫ్లూ బయటపడినప్పుడు చుట్టుపక్కల చికెన్ కొట్లు మూయించారు. రిజిస్ట్రేషన్ ఉన్నా మూయాల్సిందే. కోళ్ల మీద పెట్టుబడి అంతా పెట్టకండి.

వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని నెల్లూరికి పంపే ఆలోచన మాత్రం మానుకోండి. మాంసాన్ని చల్లటి పెట్టె ఉన్న బండిలోనే తీసుకెళ్లాలి, బైకు మీద సంచిలోనో ఆటోలోనో కాదు. పైగా మన ఎండలు మీకు తెలియనివా. నెల్లూరు వాళ్లు అడిగితే నేను ప్రాణంతోనే తూకం వేసి ఇచ్చేస్తాను, కోయించుకునేది వాళ్లే చూసుకుంటారు. లాభం కాస్త తగ్గుతుంది, నిద్ర పడుతుంది.

ఈ వారమే పశువుల ఆసుపత్రికెళ్లి డాక్టరుగారికి శనివారం సాయంత్రం కుదురుతుందో లేదో కనుక్కోండి. ఆయన కుదరదంటే మిగతావన్నీ దండగ. తర్వాత గుంత తవ్వించి, పంచాయతీకి వెళ్లేటప్పుడు దాని ఫోటో ఫోన్లో తీసుకెళ్లండి. నాకు మూడు వారాలు పట్టింది, వ్యర్థం ఎక్కడ పోస్తావని అడిగితే చూపించడానికి ఏమీ లేకే.