బాగా వేస్తున్నవాణ్ణి దించేశాడు, సరే... తెచ్చింది ఎవర్ని?

ఆటల పేజీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, మావాడు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడికి వెళ్లినప్పుడు మాకూ బేస్‌బాల్ పిచ్చి అంటించాడు. తిరుపతికి తిరిగొచ్చాక కూడా ఫోన్లో అదే గొడవ. 2020 వరల్డ్ సిరీస్ (అక్కడి ఏడు మ్యాచ్‌ల ఫైనల్) ఆరో మ్యాచ్‌లో పిచ్చర్ (బంతి వేసేవాడు) బ్లేక్ స్నెల్ అంత బాగా వేస్తుంటే ఎందుకు దించేశారని నేను, లెక్క ప్రకారం మేనేజర్ (మన కోచ్ లాంటివాడు) చేసిందే కరెక్టని వాడు. ఎంతకీ తెగడం లేదు. మీరే చెప్పండి.
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: నేను మీవైపే, కానీ మీరు చెప్పే కారణంతో కాదు. మ్యాచ్ చూడనివాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. 2020 అక్టోబర్ 27 రాత్రి, టెక్సస్‌లోని ఆర్లింగ్టన్, మనకైతే 28 తెల్లవారుజాము. సిరీస్‌లో లాస్ ఏంజెలస్ డాడ్జర్స్ 3-2తో ముందుంది, టాంపా బే రేస్ ఇది గెలిస్తేనే ఏడో మ్యాచ్ ఉంటుంది. రేస్ పిచ్చర్ స్నెల్ 73 బంతులు వేసి రెండే హిట్లు (బ్యాటర్ కొట్టి బేస్ చేరడం) ఇచ్చాడు, 9 స్ట్రైకౌట్లు (బ్యాటర్ బంతిని కొట్టలేకుండానే ఔటవ్వడం) తీశాడు. డాడ్జర్స్ మొదటి ముగ్గురు మూకీ బెట్స్, కోరీ సీగర్, జస్టిన్ టర్నర్ తలా రెండుసార్లు బ్యాటింగ్‌కి వస్తే ఆరుసార్లూ స్ట్రైకౌటే. తొమ్మిదింట్లో ఆరో ఇన్నింగ్స్, రేస్ 1-0తో ముందుంది, ఒకడు ఔట్, సింగిల్ కొట్టిన ఆస్టిన్ బార్న్స్ ఫస్ట్ బేస్ మీద ఉన్నాడు (నాలుగు బేస్‌లూ చుట్టి వస్తే ఒక పరుగు), మూడోసారి బెట్స్ వంతు వచ్చింది. అప్పుడు మేనేజర్ కెవిన్ క్యాష్ డగౌట్ (జట్టు కూర్చునే చోటు) మెట్లెక్కి బయటికి వచ్చాడు. ఆయన్ని చూడగానే స్నెల్ మొహం ఎలా మాడిపోయిందో వీడియోలో మీరూ చూసే ఉంటారు.

స్నెల్ బదులు నిక్ ఆండర్సన్ వచ్చాడు. బెట్స్ డబుల్ (ఒకే దెబ్బకి రెండు బేస్‌లు) కొట్టాడు, ఆండర్సన్ వేసిన ఒక బంతి క్యాచర్‌కి అందకుండా పోయి బార్న్స్ పరుగు తీశాడు, సీగర్ మామూలు గ్రౌండర్ (నేల మీద దొర్లే బంతి) కొడితే థర్డ్ నుంచి బెట్స్ దూసుకొచ్చాడు. 2-1తో డాడ్జర్స్ ముందుకెళ్లింది. చివరికి 3-1, డాడ్జర్స్‌కి కప్పు.

మీవాడు చెప్పే లెక్క తప్పేం కాదు. ఒకే పిచ్చర్‌ని ఒకే మ్యాచ్‌లో మూడోసారి ఎదుర్కొనే బ్యాటర్లు మొదటిసారి కంటే బాగా కొడతారన్నది ఏళ్ల తరబడి రికార్డులు తిరగేసి తేల్చిన విషయం. పైగా ఆ ఏడాది రెగ్యులర్ సీజన్‌లో స్నెల్ ఒక్క మ్యాచ్‌లో కూడా ఆరు ఇన్నింగ్స్ పూర్తి చెయ్యలేదు. పెద్ద పెద్ద జీతాలు ఇచ్చుకోలేని రేస్ జట్టు ఫైనల్ దాకా రావడానికి కారణం కూడా ఇలా పిచ్చర్లని టైముకి మార్చుకోవడమే, క్యాష్‌కి ఆ ఏడాది అమెరికన్ లీగ్ (అక్కడి రెండు లీగ్‌లలో ఒకటి) బెస్ట్ మేనేజర్ అవార్డు కూడా వచ్చింది. కాబట్టి ఆయన తెలివితక్కువగా చేశాడని నేను అనను.

నా బాధంతా ఆండర్సన్‌ని తేవడం మీదే. రెగ్యులర్ సీజన్‌లో ఆండర్సన్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన పరుగుల సగటు 0.55, అంటే దాదాపు ఎవరూ పరుగు తియ్యలేదన్నట్టే. కానీ ఆ మ్యాచ్‌కి ముందు ప్లేఆఫ్స్‌లో అతను వేసిన చివరి ఆరుసార్లూ పరుగులు ఇచ్చాడు. ఆరుసార్లు వరసగా! సీజన్ చివరికొచ్చేసరికి చెయ్యి అలసిపోయిందని కళ్ల ముందు కనిపిస్తూనే ఉంది (తర్వాత 2021 మార్చిలో అతని మోచేయి లిగమెంట్ కొంత చిరిగిందని తేలింది). స్నెల్ విషయంలో లెక్క చూసినవాళ్లు ఆండర్సన్ విషయంలో మాత్రం సీజన్ మొదటి లెక్కే పట్టుకుని కూర్చున్నారు. మూడోసారి ఎదుర్కొంటే బ్యాటర్ బలం పెరుగుతుంది, నిజమే, కానీ పెరిగాక కూడా ఆ రాత్రి స్నెల్ కంటే అలసిపోయిన ఆండర్సన్ మెరుగు అని ఎవరైనా చెప్పగలరా? దించి తీరాలనుకుంటే ఇంకో పిచ్చర్ పీట్ ఫెయిర్‌బ్యాంక్స్ ఉన్నాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బెట్స్ అతని బంతినీ హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు కదా అంటాడేమో మీవాడు, కొట్టాడు, కానీ జరిగాక తెలిసినదాన్నిబట్టి కాదు, ఆ నిమిషానికి చేతిలో ఉన్న సమాచారాన్నిబట్టే మాట్లాడాలి.

ఇంకొకటి. అదే రాత్రి అవతలి మేనేజర్ డేవ్ రాబర్ట్స్ తన స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్) టోనీ గోన్సోలిన్‌ని రెండు ఇన్నింగ్స్ కూడా పూర్తి కాకుండానే దించేశాడు, తర్వాత వచ్చినవాళ్లు ఒక్క పరుగూ ఇవ్వలేదు. చివర్లో హూలియో ఉరియాస్ ఏడుగుర్ని వరసగా ఔట్ చేస్తుంటే రెగ్యులర్ క్లోజర్ (చివర్లో ఆధిక్యం కాపాడే పిచ్చర్) కెన్లీ జాన్సెన్‌ని పిలవనే లేదు, వేస్తున్నవాణ్ణే ఉంచాడు. బాగా వేస్తున్నవాణ్ణి చూసి ఆగడం అంటే అదీ. ఇది మీవాడికి చెప్పండి.

ప్రశ్న: పిచ్చర్‌ని కాసేపు పక్కన పెట్టి మళ్లీ తెచ్చుకోవచ్చు కదా? మన క్రికెట్‌లో బుమ్రాని రెండు ఓవర్లు వేయించి చివర్లో మళ్లీ తెస్తారు.
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: కుదరదండీ. ఒకసారి దింపితే ఆ మ్యాచ్‌లో మళ్లీ బంతి పట్టుకోడానికి లేదు. కొత్తగా వచ్చినవాడు కూడా, 2020 నుంచి ఉన్న రూల్ ప్రకారం, కనీసం ముగ్గురు బ్యాటర్లకి వెయ్యాలి, లేదా ఆ ఇన్నింగ్స్ అయ్యేదాకా ఉండాలి. అందుకే అంత టెన్షన్.

ప్రశ్న: సార్, నేను పీఈటీని. మీరెప్పుడూ మార్చినవాళ్లనే తిడతారు. మార్చకుండా ఉంచి మునిగినవాళ్లు లేరా?
– చిత్తూరు

జవాబు: ఎందుకు లేరు సార్, అందరికంటే పేరుమోసినది అదే. 2003 అక్టోబర్ 16, న్యూయార్క్. అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో న్యూయార్క్ యాంకీస్ మీద బోస్టన్ 5-2తో ముందుంది, ఎనిమిదో ఇన్నింగ్స్, బోస్టన్ పిచ్చర్ పెడ్రో మార్టినెజ్ వేస్తున్నాడు. అతను వంద బంతులు దాటితే పదును తగ్గుతుందని ఆ జట్టు వెనక తిరిగేవాళ్లందరికీ తెలుసు. ఒక హిట్, ఇంకో హిట్, 5-3. మేనేజర్ గ్రేడీ లిటిల్ దగ్గరికి వెళ్లి వెయ్యగలవా అని అడిగాడు, పెడ్రో వేస్తానన్నాడు, ఆయన వెనక్కి తిరిగి వచ్చేశాడు. తర్వాత ఇద్దరూ డబుల్స్ కొట్టారు, స్కోరు 5-5. 11వ ఇన్నింగ్స్‌లో యాంకీస్ బ్యాటర్ ఏరన్ బూన్ హోమ్‌రన్‌తో కథ ముగిసింది. లిటిల్ కాంట్రాక్టు మళ్లీ ఇవ్వలేదు.

ఇక్కడ కూడా నేను చూసేది బుల్‌పెన్ (మార్పుకి సిద్ధంగా ఉండే పిచ్చర్లు) వైపే. ఆ ప్లేఆఫ్స్‌లో మైక్ టిమ్లిన్, అలన్ ఎంబ్రీ ఇద్దరూ అద్భుతంగా వేస్తున్నారు, సమం అయ్యాక వాళ్లే వచ్చి ఆ ఇన్నింగ్స్ ఆపారు కూడా. అలాంటి ఇద్దర్ని కూర్చోబెట్టి 123 బంతుల దాకా పెడ్రోతో లాగించారు. పైగా పిచ్చర్‌ని అడగడం ఏమిటండీ? మీ స్కూల్ పిల్లల్ని అడగండి, ఫైనల్లో ఎవడైనా నావల్ల కాదంటాడా? వాడు వేస్తాననడం వాడి ధర్మం, వద్దనడం మేనేజర్ పని.

ప్రశ్న: అన్నా, బెస్ట్ పిచ్చర్‌ని చివరికి దాచుకోవడం మంచిదేగా? చివర్లోనేగా మ్యాచ్ తేలేది?
– డిగ్రీ విద్యార్థి, పలమనేరు, చిత్తూరు జిల్లా

జవాబు: చివరి దాకా మ్యాచ్ మన చేతిలో ఉంటే మంచిదే తమ్ముడూ. 2016లో బాల్టిమోర్ క్లోజర్ జాక్ బ్రిటన్ 47 సార్లు ఆధిక్యం కాపాడమని బంతి ఇస్తే 47 సార్లూ కాపాడాడు, పరుగుల సగటు 0.54. ఓడితే ఇంటికే అన్న వైల్డ్ కార్డ్ మ్యాచ్ టొరంటోలో పడింది, స్కోరు 2-2, మ్యాచ్ 11వ ఇన్నింగ్స్‌కి వెళ్లింది. బయటి ఊళ్లో సమంగా ఉన్నప్పుడు క్లోజర్‌ని దాచి, మనకి ఆధిక్యం వచ్చాక తేవాలన్నది పాత ఆనవాయితీ. మేనేజర్ బక్ షోవాల్టర్ అదే పట్టుకున్నాడు. ఆ ఆధిక్యం రానే లేదు. బాల్టిమోర్ పిచ్చర్ ఉబాల్డో హిమెనెజ్ బౌలింగ్‌లో టొరంటో బ్యాటర్ ఎడ్విన్ ఎన్‌కార్నాసియోన్ మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు. ఆ ఏడాది అందరికంటే గట్టి పిచ్చర్ ఒక్క బంతి కూడా వెయ్యకుండా సీజన్ అయిపోయింది. దీనికి మాత్రం నాకు ఏ సమర్థనా కనిపించదు.

ఇక మన మ్యాచ్ చూడు. 2024 జూన్ 29, బార్బడోస్, టీ20 వరల్డ్ కప్ ఫైనల్. దక్షిణాఫ్రికాకి 30 బంతుల్లో 30 కావాలి, క్లాసెన్ ఊపు మీద ఉన్నాడు. బుమ్రాకి మిగిలింది రెండే ఓవర్లు. రోహిత్ వాటిని 19, 20కి దాచలేదు. 16వ ఓవర్ ఇచ్చాడు, నాలుగు పరుగులు. 17లో హార్దిక్ క్లాసెన్‌ని తీశాడు. 18 మళ్లీ బుమ్రాకే, రెండు పరుగులు, యాన్సెన్ బౌల్డ్. బుమ్రా కోటా అయిపోయాక ఇంకా రెండు ఓవర్లున్నాయి, చూసేవాళ్లకి గుండె దడ, కానీ ఆఖరి ఓవర్‌కి 16 కావాల్సి వచ్చిందంటే ముందు ఆ రెండు ఓవర్లు అక్కడ పడినందుకే. ఏడు పరుగులతో గెలిచాం. ప్రమాదం 16వ ఓవర్లో ఉంటే 20వ ఓవర్ కోసం దాచి ఏం లాభం?

ప్రశ్న: సార్, మా అబ్బాయికి 14 ఏళ్లు, స్కూల్ బేస్‌బాల్ జట్టులో వాడే మెయిన్ పిచ్చర్. టోర్నమెంట్ చివర్లో కోచ్ రోజూ వాడితోనే వేయిస్తున్నారు. రాత్రి మోచేయి నొప్పి అంటున్నాడు. కోచ్‌ని అడిగితే గెలవాలి కదమ్మా అంటున్నారు. నేనేం చెయ్యాలి?
– ఒక తల్లి, పుత్తూరు

జవాబు: అమ్మా, ఈ పేజీలో మిగతావన్నీ వాదనలు, ఇది మాత్రం కాదు. నొప్పి ఉన్నంతకాలం వాణ్ణి వెయ్యనివ్వకండి, ముందు ఎముకల డాక్టర్‌కి చూపించండి. ఆ వయసులో మోచేతి దగ్గర ఎముక ఎదిగే భాగం ఇంకా గట్టిపడి ఉండదు, దెబ్బంతా అక్కడే పడుతుంది.

అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ వాళ్లు పిల్లల కోసం ఒక పద్ధతి పెట్టారు. 13, 14 ఏళ్ల వాళ్లు రోజుకి 95 బంతులు దాటకూడదు, 66 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు పూర్తిగా విశ్రాంతి, 36 నుంచి 50 వేసినా రెండు రోజులు. పిచ్చింగ్ చేసిన మ్యాచ్‌లోనే క్యాచర్‌గా కూడా పెట్టకూడదు. డాక్టర్ సరేనన్నాక మళ్లీ ఆడేటప్పుడు ఒక నోట్‌బుక్ తీసుకుని స్కోరర్ పక్కన కూర్చోండి, బంతికో గీత గీయండి, తేదీ వేసి కోచ్‌తో సంతకం పెట్టించుకోండి. గీతలు కళ్ల ముందు ఉంటే ఆయన మాట మారుతుంది.

కోచ్ గెలవాలి కదా అంటే అక్కడి వాషింగ్టన్ జట్టు సంగతి చెప్పండి. 2012లో ఆ జట్టు 98 మ్యాచ్‌లు గెలిచింది, స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ వాళ్ల బెస్ట్ పిచ్చర్లలో ఒకడు. 2010లో మోచేతికి ఆపరేషన్ అయినవాడని సెప్టెంబర్‌లో, ప్లేఆఫ్స్ ముందర, 159 ఇన్నింగ్స్ దగ్గర ఆపేశారు. ఊరంతా తిట్టింది. ఆ ఏడాది మొదటి రౌండ్‌లోనే ఓడిపోయారు కూడా. 2019లో అదే జట్టు వరల్డ్ సిరీస్ గెలిస్తే సిరీస్ బెస్ట్ ప్లేయర్ స్ట్రాస్‌బర్గే. తర్వాత అతన్ని గాయాలు వదల్లేదు, అది వేరే సంగతి, కానీ కోట్లు తీసుకునే పెద్దవాడి చేతినే అంత జాగ్రత్తగా చూశారు. కోచ్ అప్పటికీ వినకపోతే హెడ్‌మాస్టర్‌ని కలవండి, డాక్టర్ చీటీ చేతిలో పెట్టుకుని వెళ్లండి.