పుండు నొప్పి లేకుండ మానిందా? హెర్పిస్ కంటే ముందు ఇది చూడాలె

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, మాది హన్మకొండ. రెండున్నర నెలల కింద ఒకసారి కండోమ్ లేకుండ కలిసిన. 3 వారాలకు ప్రైవేట్ పార్ట్ మీద ఒక పుండు అయ్యింది, నొప్పి లేదు. మెడికల్ షాపుల క్రీమ్, గోలీలు తీసుకున్న, మెల్లగ తగ్గింది. ఇంటర్నెట్‌ల చదివి టెస్ట్ చేయించుకుంటే హెర్పిస్ ఐజీఎం అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. అప్పటినుంచి నిద్ర లేదు, కాళ్లల్ల మంటలు, తిమ్మిర్లు. ఫాల్గుణంల పెళ్లి పెట్టుకున్నరు. ఈ రోగం లైఫ్‌లాంగ్ ఉంటదా? పెళ్లి క్యాన్సిల్ చేసుకోవాల్నా?

జవాబు: మీ ఉత్తరం నిండ హెర్పిస్ హెర్పిస్ అనే ఉంది, కానీ మీరు ఊరికే అట్ల రాసేసి దాటిపోయిన మాట ఒకటుంది, "నొప్పి లేదు" అని. నాకు ఆ మాట దగ్గర్నే భయమైంది.

హెర్పిస్ అంటే ఒక వైరస్‌తోని వచ్చే సుఖవ్యాధి, అదైతే మామూలుగ చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగ లేస్తయి, అవి పగిలి పుండ్లయితయి, మంట, నొప్పి ఉంటయి, మొదటిసారి వచ్చినప్పుడు కొందరికి జ్వరం, గజ్జల్ల బిళ్లలు కూడా. కలిసినంక 2 నుంచి 12 రోజులల్ల బయటపడుతది. మీకు 3 వారాలకు, ఒక్కటే పుండు, నొప్పి లేకుండ వచ్చింది, దానంతట అదే మానింది. ఇట్ల విన్నప్పుడు ఏ స్కిన్ డాక్టరైనా ముందు అడిగేది సిఫిలిస్ గురించి, మన పెద్దోళ్లు సవాయి అనేటోళ్లు చూడండి, అదే. చూడకుండ మీకు అదే ఉందని నేను చెప్పలేను, హెర్పిస్ కూడా ఒక్కోసారి వేరే తీరుగ వస్తది. కానీ మీ టెస్టులల్ల సిఫిలిస్ కోసం చేసే వీడీఆర్ఎల్ రక్తపరీక్ష లేదు, హెచ్ఐవీ లేదు. అసలు చేయించాల్సినవే చేయించలేదు.

సిఫిలిస్ పుండు మందు వాడినా వాడకపోయినా 3 నుంచి 6 వారాలల్ల మానిపోతది. పుండు పోతది గానీ రోగం రక్తంల ఉండిపోతది. తర్వాత అరచేతులల్ల, అరికాళ్లల్ల దురద లేని మచ్చలు రావచ్చు, జుట్టు పాచెస్‌గ ఊడొచ్చు, అవి కూడా వాటంతట అవే పోతయి, ఆఖరికి ఏండ్ల తర్వాత గుండె, మెదడు, కళ్ల మీద పడ్డాక తెలుస్తది. ఇప్పుడు పట్టుకుంటే తొలిదశల పెన్సిలిన్ సూదితోని నయమైతది, చాలామందికి ఒక్క డోసు చాలు. పెన్సిలిన్ పడనోళ్లకు వేరే మందులున్నయి, అది డాక్టర్ చూసుకుంటడు.

ఇగ మెడికల్ షాపు సంగతి. ఈ మాట నేను ప్రతిసారి రాస్తున్న, మళ్ల రాస్తున్న. షాపాయన ఇచ్చిన ట్యూబుల మామూలుగ స్టెరాయిడ్ ఒకటి, ఫంగస్ మందు ఒకటి, యాంటీబయాటిక్ ఒకటి కలిపి ఉంటయి, తామరకైనా పుండుకైనా దురదకైనా అదే ట్యూబు. పెట్టంగనే ఎరుపు తగ్గుతది, తగ్గిందనుకుంటం. 2018లనే కేంద్రం ఈ స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లను షెడ్యూల్ హెచ్‌ల పెట్టింది, అంటే డాక్టర్ చీటీ లేకుండ అమ్మకూడదు, అయినా కౌంటర్ మీద చెయ్యి చాపితే దొరుకుతనే ఉన్నయి. గోలీలు ఇంకా ఇబ్బంది. రెండు మూడు రోజులు ఏదో యాంటీబయాటిక్ మింగితే సిఫిలిస్ సగం అణిగి, టెస్టు కూడా తికమక పెట్టొచ్చు. సిగ్గుతోని షాపుకు పోయిన్రు, నాకు అర్థమైతది, ఇక్కడ అందరు అందరికి తెలిసినోళ్లే. కానీ పుండు ఉన్న రోజే చూపిస్తే పది నిమిషాల పని, ఇప్పుడు ఊహించుకోవాల్సి వస్తుంది.

ఐజీఎం గురించి తక్కువల చెప్త. హెర్పిస్‌కు ఆ టెస్టును నమ్మొద్దు. వేరే వైరస్‌లకు కూడా పాజిటివ్ చూపిస్తది, పాత ఇన్ఫెక్షనా కొత్తదా చెప్పలేదు, హెర్పిస్‌ల ఉన్న రెండు రకాలు, టైప్ 1, టైప్ 2 తేడా కూడా సరిగ్గ పట్టదు. అమెరికా సర్కారు ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా దీన్ని వాడొద్దనే చెప్తది. కొత్త పొక్కు ఉన్నప్పుడు దాని మీది నుంచి పుల్లతోని తీసి వైరస్‌నే వెతికే పీసీఆర్ స్వాబ్ టెస్టు అన్నిట్ల నయం. ఐజీజీ రక్తపరీక్ష ఉంది గానీ అది తేలడానికి 12 వారాలైనా ఆగాలె, తక్కువ నంబర్‌తోని వచ్చిన పాజిటివ్ తప్పు కూడా కావచ్చు. ఇంకోటి, జ్వరం వచ్చి పోయినంక పెదవి మూలకు పొక్కులు లేస్తయి గదా, అది టైప్ 1, ప్రపంచంల 50 ఏళ్ల లోపు వాళ్లల్ల సగానికంటే ఎక్కువమందికి ఉన్నదే. హెర్పిస్ ఉంటే వైరస్ నరాలల్ల ఉండిపోతది నిజమే, అయినా మందులున్నయి, పెళ్లిళ్లు చేసుకుంటరు, పిల్లల్ని కంటరు.

కాళ్ల మంటలు, తిమ్మిర్లు నిద్ర లేకపోయినా, గుబులు పట్టినా వస్తయి. ఫోన్ టార్చ్ వేసి రోజుకు పదిసార్లు చూసుకుంటున్నరు కావచ్చు, డెట్టాల్‌తోని కడుగుతున్నరు కావచ్చు, నా దగ్గరికి వచ్చేటోళ్లు అట్లనే చేస్తరు, ఆ కడుగుడుకే తోలు మండుతది. ఆపండి. రాత్రి పూట సెర్చ్ చేసుడు కూడా. రెండు వారాలల్ల తగ్గకుంటే 14416కు, అంటే మనసు బాధల కోసం సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, కాల్ చేయండి, తెలుగుల మాట్లాడుతరు.

పెళ్లి క్యాన్సిల్ చేసుకోమని నేను చెప్త లేను. రిపోర్టులు రాకముందు, అవసరమైతే ట్రీట్‌మెంట్ పూర్తి కాకముందు మాత్రం ఎవరితోని కలవొద్దు. సిఫిలిస్ తేలితే రెండున్నర నెలల కింద కలిసిన మనిషికి కూడా చెప్పాలె, ఆ మనిషికి కూడా టెస్టు, మందు అవసరం. పట్టించుకోకుండ పెళ్లి చేసుకుంటే ఆ అమ్మాయికి పోతది, కడుపుల బిడ్డకు కూడా పోతది, గర్భం పోవచ్చు, బిడ్డ చనిపోవచ్చు. ఆ అమ్మాయికి మీరిప్పుడు చేయగలిగిన మేలు టెస్టుకు ఒక్క చిన్న సీసా రక్తం ఇచ్చుడే.

ఈ వారంలనే వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానల స్కిన్ ఓపీకి పోండి. పెద్ద సర్కారు దవాఖానలల్ల సురక్ష క్లినిక్ అని సుఖవ్యాధుల కోసమే ఉంటది, పైసలు తీసుకోరు, విషయం బయటికి పోనియ్యరు. అడగడానికి ఇబ్బందైతే ముందు 1097కు, హెచ్ఐవీ హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేయండి, ఫ్రీ. వీడీఆర్ఎల్, టీపీహెచ్ఏ (ఇది కూడా సిఫిలిస్ టెస్టే), హెచ్ఐవీ, హెపటైటిస్ బి టెస్టులు అడగండి. హెచ్ఐవీ ఇప్పుడొకసారి, 3 నెలలు నిండినంక ఇంకొకసారి. వీడీఆర్ఎల్ నెగెటివ్ వచ్చినా, మీరు మింగిన గోలీల సంగతి డాక్టర్‌కు చెప్పి మళ్లెప్పుడు చేయించాల్నో అడగండి. పోయేటప్పుడు ఆ ట్యూబు, గోలీల ఖాళీ స్ట్రిప్పులు పారేయకుండ జేబుల పెట్టుకొని పోండి.