టెన్షన్‌లో ఉన్నప్పుడు తెలిసిన దారి కూడా ఎందుకు తప్పుతాం?

కొన్ని నెలలుగా ఒత్తిడిలో ఉన్నానని, రోజూ తిరిగే దారిలోనే తికమక పడుతున్నానని, ఎవరైనా చెప్పిన మాట గంటలో మర్చిపోతున్నానని రాశారు. మెదడు శాశ్వతంగా దెబ్బతింటోందా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. అయితే మా అమ్మ చాలాకాలం జబ్బుపడి ఉన్నప్పుడు నాకూ సరిగ్గా ఇదే జరిగింది. అప్పటి భయంతో ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను, ఇప్పటికీ చదువుతూనే ఉన్నాను. మీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, ఒత్తిడి వల్ల వచ్చే ఈ మార్పు చాలావరకు తిరిగి సర్దుకునేదే.

మీరు రెండు ఇబ్బందులు చెప్పారు గానీ, వాటి మూలం ఒక్కటే కావచ్చు. దారి గుర్తుపెట్టుకోవడం, జరిగినవి గుర్తుపెట్టుకోవడం రెండూ హిప్పోకాంపస్ అనే భాగం మీద ఆధారపడతాయి. చెవులకు కాస్త పైన, మెదడు లోపల, రెండు వైపులా ఒక్కొక్కటి ఉంటుంది. 1953లో హెన్రీ మొలైసన్ అనే ఆయనకు మూర్ఛలు తగ్గించడానికి ఆపరేషన్ చేసి ఈ భాగాన్ని రెండు వైపులా చాలావరకు తీసేశారు. ఆ తర్వాత కొత్తగా జరిగినవేవీ ఆయనకు గుర్తుండేవి కావు. 1971లో జాన్ ఓకీఫ్, ఎలుక ఒక ఫలానా చోటికి వచ్చినప్పుడు మాత్రమే స్పందించే కణాలను ఇదే హిప్పోకాంపస్‌లో గుర్తించారు. వాటినే ప్లేస్ సెల్స్ అంటారు. దాని పక్క భాగంలో దూరాన్నీ దిక్కునూ కొలవడానికి పనికొచ్చే గ్రిడ్ సెల్స్‌ను మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ దంపతుల బృందం 2005లో కనిపెట్టింది. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది.

ఇక ఒత్తిడి సంగతి. టెన్షన్ పడినప్పుడు కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిజాల్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. అది మెదడులోకీ చేరుతుంది. ఎలుకల్లో ఈ రకం హార్మోన్ హిప్పోకాంపస్‌లో బాగా అతుక్కుంటుందని 1968లో బ్రూస్ మెకీవెన్ బృందం చూపించింది. అంటే ఒత్తిడి సంకేతాన్ని గట్టిగా అందుకునే చోట్లలో మన జ్ఞాపకాల చోటు కూడా ఉందన్నమాట.

కాసేపటి ఒత్తిడి జ్ఞాపకాన్ని చెరిపేయదు. దాన్ని బయటికి తీయడానికి అడ్డుపడుతుంది. నాకు బాగా ధైర్యమిచ్చిన ప్రయోగం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నీళ్ల తొట్టిలో కనిపించకుండా మునిగి ఉన్న చిన్న గట్టు ఎక్కడుందో ఎలుకలకు ముందే నేర్పారు. తర్వాత వాటికి స్వల్పంగా కరెంటు షాక్ ఇచ్చి పరీక్షించారు. షాక్ అయిన 2 నిమిషాలకు పరీక్షిస్తే చోటు గుర్తుంది, 4 గంటల తర్వాతా గుర్తుంది. 30 నిమిషాలకు మాత్రం, హార్మోన్ బాగా పెరిగి ఉన్న సమయంలో, వెతకడంలో తడబడ్డాయి. హార్మోన్ పెరగకుండా ముందే మందు ఇస్తే ఆ తడబాటూ లేదు. 1998 నాటి ఫలితం ఇది. చదివింది పరీక్ష హాల్లో గుర్తుకు రాక, బయటికొచ్చాక గుర్తుకు రావడం మనందరికీ తెలిసిందే కదా.

దారి విషయంలో ఇంకొకటి ఉంది. మెదడుకు దారి కనుక్కునే పద్ధతులు రెండు. మొత్తం ప్రాంతాన్ని మనసులో మ్యాప్‌లా చూసుకోవడం హిప్పోకాంపస్ పని. ఇక్కడ ఎడమ, అక్కడ కుడి అని అలవాటుగా తిరగడం స్ట్రయేటమ్ అనే వేరే భాగం పని. ఒత్తిడిలో మెదడు రెండోదాని వైపు మొగ్గుతుంది. 2007లో లార్స్ ష్వాబె బృందం, ఒక చిన్న గది నమూనాలో కావలసిన కార్డు ఎక్కడుందో మనుషులకు నేర్పి, దాని పక్కనున్న మొక్కను తర్వాత వేరేచోటికి మార్చింది. గదిలోని చోటును వదిలేసి మొక్క వెంట వెళ్లినవాళ్లు, ఒత్తిడి లేనివాళ్లలో కంటే ఒత్తిడికి గురైనవాళ్లలో ఎక్కువగా కనిపించారు. నా అనుభవం అచ్చం ఇలాగే ఉండేది. అమ్మ ఉన్న ఆసుపత్రికని బయలుదేరి ఆఫీసు ముందు తేలేవాణ్ణి. తెలిసిన రోడ్డే మూసేసి పక్కదారిలో పంపితే మాత్రం ఏ దిక్కున ఉన్నానో ఎంతకీ తట్టేది కాదు. అలవాటు పనిచేస్తోంది, మ్యాప్ అందడం లేదు. ఈ తేడా అర్థమయ్యాక సగం భయం పోయింది.

నెలల తరబడి సాగే ఒత్తిడిని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. రోజుల తరబడి ఒత్తిడి పెట్టిన ఎలుకల్లో హిప్పోకాంపస్ నాడీకణాల కొమ్మలు కురచబడ్డాయి. భయానికి సంబంధించిన అమిగ్డలాలో కొమ్మలు పెరిగాయని బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో సుమంత్ర చటర్జీ బృందం 2002లో చూపించింది. ఒత్తిడి ఆపితే హిప్పోకాంపస్ కొమ్మలు మళ్లీ వచ్చాయి, అమిగ్డలాలో పెరిగినవి అంత త్వరగా తగ్గలేదు. కష్టం గడిచిపోయాక మతిమరుపు తగ్గినా గుండెదడ, కంగారు కొంతకాలం ఉండిపోవడానికి ఇదొక కారణం కావచ్చని నాకు అనిపిస్తుంది. మనుషుల్లోనూ ఆశ ఉంది. కుషింగ్ సిండ్రోమ్‌లో శరీరం కార్టిజాల్‌ను విపరీతంగా తయారుచేస్తుంది. చికిత్సతో అది తగ్గాక హిప్పోకాంపస్ పరిమాణం కొంత పెరిగినట్టు స్కానింగ్‌లలో కనిపించింది.

నాకు పనికొచ్చినవి చెబుతాను. అన్నిటికంటే ముందు నిద్ర, ఎందుకంటే పగటి జ్ఞాపకాలు గట్టిపడేది చాలావరకు అప్పుడే. తర్వాత నడక. పెద్ద వయసువాళ్లు ఏడాదిపాటు క్రమంగా నడిస్తే హిప్పోకాంపస్ సుమారు 2 శాతం పెరిగిందని 2011లో ఒక అధ్యయనం తేల్చింది. కొత్తచోట బండి పెట్టగానే ఒక్క క్షణం ఆగి, చుట్టూ చూసి, దగ్గరున్న గుర్తును పైకే చెప్పుకునేవాణ్ణి. ముఖ్యమైనవన్నీ కాగితం మీద రాసేవాణ్ణి. అమ్మను చూసుకునే పని ఇంట్లో పంచుకోవడం మొదలయ్యాకే అసలు మార్పు వచ్చింది. భారం తగ్గకుండా ఉపాయాలతోనే నెట్టుకురావడం చాలా కష్టం.

మీరు ఒకసారి డాక్టర్ని కలవండి. థైరాయిడ్, విటమిన్ బీ12 లోపం, డిప్రెషన్, నిద్రలో శ్వాస ఆగడం కూడా ఇలాంటి మతిమరుపు తెస్తాయి, వాటికి చికిత్స ఉంది. దారి తప్పడం రోజురోజుకూ పెరుగుతున్నా, మాట తడబడుతున్నా ఆలస్యం చేయకండి. ఉన్నట్టుండి అయోమయం కమ్మితే, మాట పడిపోతే, ఒకవైపు బలం తగ్గితే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. ఏ మందులు వాడుతున్నారో కూడా చెప్పండి. స్టెరాయిడ్ మాత్రలు కార్టిజాల్ లాగే పనిచేస్తాయి కాబట్టి వాటి సంగతి డాక్టర్‌కు తెలియాలి, కానీ వాటిని మీ అంతట మీరు ఆపకండి.