కళ్ళు మండుతున్నాయని చుక్కలు మానకు

తమ్ముడూ,

పది రోజులుగా నువ్వు కంటి చుక్కలు వేసుకోవడం లేదని మరదలు ఫోనులో చెప్పింది. మంట, ఇసుక పడ్డట్టు గరగర, అయినా చూపు బాగానే ఉందిగా అన్నావట. ఆ చివరి మాటకే నాకు గుండె జారింది. మనకున్న రకం నీటికాసులు (గ్లాకోమా) నొప్పి పెట్టదు. సాధారణంగా ముందు పక్కచూపును కొరుక్కు తింటుంది, ఎదురుగా ఉన్నది కనపడుతూనే ఉంటుంది. దెబ్బతిన్న కంటి నరం తిరిగి రాదు. చుక్కలతో మనం కాపాడుకునేది మిగిలిన చూపునే. ఇవాళే డాక్టరుకి ఫోను చేసి, మానేశానని దాచకుండా చెప్పు.

నాకూ ఈ మంట తెలుసు. పన్నెండేళ్ళ నుంచి వేసుకుంటున్నాను, మూడో ఏడు వచ్చేసరికి నా కళ్ళు నిద్ర లేనిదానిలా ఎర్రగా ఉండేవి. మందే పడలేదనుకున్నాను. తప్పు మందుది కాదు, సీసాలో సూక్ష్మజీవులు పెరగకుండా కలిపే ప్రిజర్వేటివ్‌దని తర్వాత తేలింది. ఎక్కువ సీసాల్లో ఉండేది బెంజాల్కోనియం క్లోరైడ్. దాని గుణం సబ్బులాంటిది. సూక్ష్మజీవి పొరను చీల్చినట్టే కన్నీటి మీది నూనె పొరనూ చెదరగొడుతుంది, నల్లగుడ్డు పైపొరనూ గాయపరుస్తుంది. వారం రోజులు వాడి పారేసే మందులోనైతే అంతగా పట్టించుకోనక్కర్లేదు. మనది ఏళ్ళ తరబడి వ్యవహారం, పైగా నీకు రెండు సీసాలు.

అందుకని ప్రిజర్వేటివ్ లేనివి రాయమని అడుగు. లాటానోప్రోస్ట్, టాఫ్లుప్రోస్ట్, బైమాటోప్రోస్ట్, టిమోలాల్, డోర్జోలమైడ్‌తో కలిపిన టిమోలాల్ ఆ రకంలో వస్తాయి. కంటి లోపలి ఒత్తిడి తగ్గించడంలో మామూలు వాటికి ఏమీ తీసిపోవు. ఖరీదు ఎక్కువే, కాదనను. కానీ మందు సొంత గుణం మాత్రం పోదు సుమా. పేరు చివర ‘ప్రోస్ట్’ ఉన్నవాటితో రెప్పవెంట్రుకలు పొడుగవుతాయి, రెప్పలు నల్లబడొచ్చు. టిమోలాల్ ఉబ్బసం ఉన్నవాళ్ళకి పనికిరాదు, గుండె వేగాన్నీ తగ్గిస్తుంది. నీకు చిన్నప్పటి ఆయాసం సంగతి ఉందిగా, అది తప్పకుండా చెప్పు.

ఇక వాడకం. చాలావరకు ఇవి ఒక్కపూటకే సరిపోయే చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వస్తాయి. మూత తుంచగానే వాడాలి, రెండు కళ్ళకీ వేసి పారెయ్యాలి. లోపల ఇంకా నాలుగైదు చుక్కలు మిగులుతాయి, చూస్తే ప్రాణం ఒప్పదు. నేనూ మొదట్లో పొదుపు చేసి రేపటికి దాచాను, డాక్టరు చేత చీవాట్లు తిన్నాను. కాపలా కాసే ప్రిజర్వేటివ్ లేదు కనక తెరిచిన గొట్టంలో క్రిములు చేరతాయి. గొట్టాలుండే రేకు సంచి తెరిచిన తేదీ దాని మీదే రాసుకో, గడువు లోపలి కాగితంలో ఉంటుంది.

క్రిములు వెనక్కి పోకుండా ప్రత్యేకమైన మూతి ఉన్న సీసాలూ ఉన్నాయి. వాటిని నొక్కడానికి వేళ్ళలో బలం కావాలి. నా కీళ్ళకి అవి పడలేదు, నీకు పడొచ్చు.

చేతులు కడుక్కుని, తల వెనక్కి వాల్చి, కింది రెప్పను లాగితే ఏర్పడే సంచిలో ఒక్క చుక్క వెయ్యి. గొట్టం మొన కంటికి తగలకూడదు. రెండో చుక్క వేసినా చెంప మీదికే పోతుంది, కన్ను పట్టేదే ఒక చుక్క కన్నా తక్కువ. తర్వాత కళ్ళు మూసుకుని, ముక్కు పక్కనున్న కనుకొలకును రెండు నిమిషాలు వేలితో అదిమిపెట్టు. మందు గొంతులోకి, ఒంట్లోకి దిగకుండా ఉంటుంది. రెండో మందుకి అయిదు నిమిషాలు ఆగు. లాటానోప్రోస్ట్ లాంటివి రోజుకి ఒక్కసారే. మంచిదని రెండుసార్లు వేస్తే పని తగ్గవచ్చు కూడా. ఒక రాత్రి మర్చిపోతే మర్నాడు మామూలు వేళకే వెయ్యి, రెట్టింపు వద్దు.

డాక్టరు దగ్గరికి ఇంట్లో ఉన్న చుక్కల మందులన్నీ పట్టుకెళ్ళు, పొడికళ్ళకని సొంతంగా కొనుక్కున్నవి కూడా. వాటిలోనూ ప్రిజర్వేటివ్ ఉండొచ్చు. మందు మార్చాక కొన్ని వారాలకి మళ్ళీ కంటి ఒత్తిడి కొలుస్తారు. సాధారణంగా 10 నుంచి 21 మి.మీ. పాదరసం మధ్య ఉంటుందంటారు గానీ, నీ నరానికి ఎంత ఉండాలో ఆయన్నే అడిగి రాసుకో. కొలిచిన రోజు సాయంత్రం, వచ్చిందెంతో, ఉండాల్సిందెంతో ఆ రెండు అంకెలూ నాకు ఫోనులో చెప్పు.

ఆశీస్సులతో,
అక్క